మార్కులు చెప్పని మాట: అమెరికా వైద్య విద్య ప్రవేశాల్లో అనుబంధ వ్యాసాలపై పెరుగుతున్న పట్టు

అమెరికాలో వైద్య విద్యను ఆశించే అభ్యర్థికి జూన్ నెలాఖరు నుంచి ఆగస్టు వరకు సాగే కాలం అత్యంత కఠినమైనది. ప్రవేశ పరీక్ష చాలామందికి అప్పటికే ముగిసి ఉంటుంది. డిగ్రీ మార్కులు నమోదై ఉంటాయి. ఉమ్మడి దరఖాస్తు కూడా పంపేసి ఉంటారు. సరిగ్గా అప్పుడే ఒక్కో కళాశాల నుంచి విడివిడిగా ప్రశ్నలు రావడం మొదలవుతుంది. మా కళాశాలనే ఎందుకు ఎంచుకున్నారు? మీరు ఎదుర్కొన్న ఒక క్లిష్ట పరిస్థితి ఏమిటి? మీతో విభేదించిన వ్యక్తితో కలిసి ఎలా పనిచేశారు? మా విద్యార్థి బృందానికి మీ రాకతో చేకూరేదేమిటి? అక్కడి వాడుకలో ‘సెకండరీ’గా పేరుపడ్డ ఈ అనుబంధ వ్యాసాలు ఇప్పుడు విద్యార్థుల గదులను దాటి న్యాయస్థానాల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో చర్చకు వస్తున్నాయి. సమాజానికి ఎలాంటి వైద్యుడు కావాలి, ఆ వైద్యుణ్ని ఎంపిక చేసే హక్కు ఎవరిది అన్న ప్రశ్న వీటిలో దాగి ఉండటమే అందుకు కారణం.

రెండంచెల వడపోత

అమెరికాలో ఎండీ డిగ్రీ ఇచ్చే కళాశాలల్లో అత్యధికం ‘ఆమ్‌కాస్’ అనే ఉమ్మడి వ్యవస్థ ద్వారా దరఖాస్తులు స్వీకరిస్తాయి. దీన్ని అమెరికా వైద్య కళాశాలల సంఘం నిర్వహిస్తుంది. టెక్సస్‌లోని ప్రభుత్వ కళాశాలలకు వేరే వ్యవస్థ ఉంది. ఉమ్మడి దరఖాస్తులోని వ్యక్తిగత వ్యాసానికి ఖాళీలతో కలిపి 5,300 అక్షరాల పరిమితి. దానితో పాటు 15 వరకు అనుభవాలను పేర్కొనవచ్చు. ఇదంతా అన్ని కళాశాలలకూ ఒకే రూపంలో చేరుతుంది. అనుబంధ వ్యాసం అలా కాదు. అది ఒక కళాశాల ఒక అభ్యర్థిని నేరుగా అడిగే ప్రశ్న.

ఏటా 50 వేల మందికి పైగా పోటీ పడితే, వారిలో సుమారు 23 వేల మందికి సీటు దక్కుతుంది. 472 నుంచి 528 వరకు ఉండే ఎంక్యాట్ స్కోరు వడపోతలో కీలకమే. కానీ ఒక స్థాయి దాటాక వేల మంది అభ్యర్థుల స్కోర్లు ఇంచుమించు ఒకటిగానే కనిపిస్తాయి. వారిలో ఎవరిని ముఖాముఖికి పిలవాలన్న నిర్ణయంలో ఈ చిన్న వ్యాసాలకు ప్రాధాన్యం ఉంటుంది. చాలా కళాశాలలు దరఖాస్తులను వచ్చిన వరుసలోనే పరిశీలిస్తాయి కనుక, ప్రశ్న అందిన రెండు వారాల్లోగా జవాబు పంపడం మేలని సలహాదారులు చెబుతుంటారు. ఇరవై కళాశాలలకు దరఖాస్తు చేసిన విద్యార్థి ఆ వేసవిలో అరవై వ్యాసాలు రాయవలసి రావడం అసాధారణమేమీ కాదు.

ప్రశ్నలో కళాశాల లక్ష్యం

అనుబంధ ప్రశ్నను కేవలం విద్యార్థికి పెట్టే పరీక్షగా చూస్తే సగమే అర్థమవుతుంది. కళాశాల తనను తాను పరిచయం చేసుకునే పత్రం కూడా అదే. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల తన రాష్ట్రంతో పాటు వ్యోమింగ్, అలాస్కా, మోంటానా, ఐడహో రాష్ట్రాలకూ వైద్యులను తయారుచేస్తుంది. మైళ్ల కొద్దీ వైద్యుడు కానరాని ప్రాంతాలు అక్కడ అనేకం. మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన డులూత్ ప్రాంగణం గ్రామీణ ప్రాంతాల, అమెరికా ఆదివాసీ సమాజాల వైద్య అవసరాలను తన లక్ష్యంగా ప్రకటించుకుంది. అట్లాంటాలోని మోర్‌హౌస్ వైద్య కళాశాల వైద్యానికి దూరమైన వర్గాల సేవ కోసమే 1975లో ఏర్పడింది. ఇలాంటి సంస్థలు ‘మా దగ్గరికే ఎందుకు’ అని అడిగినప్పుడు, చదువు ముగిశాక ఆ రోగుల మధ్య ఎవరు నిలుస్తారో తెలుసుకోవాలన్నది వాటి ఉద్దేశం.

అందుకే కళాశాల పేరు మార్చినా చెల్లిపోయే వాక్యం ఈ వ్యాసంలో నిష్ప్రయోజనం. ‘మీ అత్యుత్తమ పరిశోధన వాతావరణం నన్ను ఆకర్షించింది’ అన్న మాటను ఏ కళాశాలకైనా పంపవచ్చు. రెండేళ్లుగా ఓ పల్లె ఆరోగ్య కేంద్రంలో రోగుల పేర్లు నమోదు చేస్తూ, మందుల కోసం ఎవరు ఎంత దూరం నుంచి వస్తున్నారో గమనించిన విద్యార్థి రాసే మాటను అలా పంపలేరు. భాషాపరంగా చూస్తే తేడా స్పష్టం. సేవాభావం, నాయకత్వం, సహానుభూతి వంటి భావవాచక నామాలతో నిండిన వాక్యంలో కర్త మాయమవుతాడు. క్రియాపదం ఉన్న చోట ఎవరు, ఎవరికి, ఏం చేశారన్నది దాచలేం. నిజాయతీ గల జవాబుకు అలంకారం కన్నా క్రియే ముఖ్యం.

న్యాయస్థానం గీసిన గీత

ఎవరిని చేర్చుకోవాలన్న విషయంలో అమెరికా చట్టపోరాటానికి వైద్య కళాశాలే ఓ ఆరంభ బిందువు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ వైద్య కళాశాల 100 సీట్లలో 16 సీట్లను మైనారిటీ వర్గాలకు ప్రత్యేకించగా, ప్రవేశం దొరకని అలన్ బకీ కోర్టుకెక్కారు. జాతి ప్రాతిపదికన నిర్ణీత కోటా చెల్లదని, అయితే పరిశీలించే అనేక అంశాల్లో జాతి ఒకటిగా ఉండవచ్చని 1978లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల కేసుల్లో వెలువడిన తీర్పు ఆ వెసులుబాటును కూడా తొలగించింది. ఒక్క తలుపు మాత్రం కొద్దిగా తెరిచి ఉంచింది. జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో అభ్యర్థి వ్యాసంలో రాసుకోవచ్చు. అయితే కళాశాల పరిగణించవలసింది అందులో వ్యక్తమైన ధైర్యాన్ని, పట్టుదలను, సామర్థ్యాన్నే. నిషేధించిన పద్ధతిని వ్యాసాల ముసుగులో కొనసాగించరాదని కూడా తీర్పు హెచ్చరించింది.

ఆ తీర్పుతో వ్యాసం మీద మునుపెన్నడూ లేని భారం పడింది. పలు కళాశాలలు తమ ప్రశ్నల్లోని పదాలను సవరించాయి. 2025లో ఒత్తిడి మరింత పెరిగింది. వైద్య కళాశాలలకు గుర్తింపునిచ్చే సంస్థ ఆ ఏడాది మే నెలలో వైవిధ్యానికి సంబంధించిన తన ప్రమాణాన్ని ఉపసంహరించుకుంది. జులైలో అమెరికా న్యాయశాఖ జారీచేసిన మార్గదర్శకాలు మరో అడుగు ముందుకు వేశాయి. అడ్డంకులను అధిగమించిన తీరు వివరించాలని అడగడం సైతం, జాతి వంటి అంశాలతో ముడిపడిన అనుభవాలకు ప్రాధాన్యమిచ్చే మార్గంగా మారితే చట్టవిరుద్ధం కావచ్చని పేర్కొన్నాయి. ఒకే ప్రశ్నకు ఇప్పుడు ముగ్గురు పాఠకులున్నారు. విద్యార్థి దాన్ని ఆహ్వానంగా, కళాశాల ఎంపిక సాధనంగా, ప్రభుత్వం సాక్ష్యంగా చదువుతున్నాయి.

వ్యాసాన్ని అనుమానించడానికి చారిత్రక కారణాలూ లేకపోలేదు. 1920లలో అమెరికా అగ్రశ్రేణి విశ్వవిద్యాలయాలు ‘వ్యక్తిత్వం’ అనే కొలమానాన్ని యూదు విద్యార్థుల సంఖ్యను తగ్గించేందుకు వాడుకున్నాయి. అంకెల్లోకి రాని గుణాన్ని కొలిచే అధికారం తలుపు తెరవగలదు, మూసివేయనూ గలదు.

గొంతు ఎవరిది? ఖర్చు ఎవరిది?

మరో చిక్కు డబ్బుతో వచ్చింది. ఉమ్మడి దరఖాస్తుకు మొదటి కళాశాలతో కలిపి 175 డాలర్లు, ఆపై ప్రతి కళాశాలకూ 45 డాలర్లకు పైగా చెల్లించాలి. అనుబంధ దరఖాస్తుకు చాలా కళాశాలలు మరో 100 డాలర్లు, కొంచెం అటూ ఇటూగా వసూలు చేస్తాయి. ఇరవై కళాశాలలకు ప్రయత్నిస్తే మొత్తం సుమారు 3 వేల డాలర్లు, మన లెక్కలో రెండున్నర లక్షల రూపాయలకు పైమాటే. తక్కువ ఆదాయ కుటుంబాలకు రుసుము రాయితీ పథకం ఉంది. కానీ వ్యాసాలను దిద్దిపెట్టే ప్రైవేటు సలహాదారులను పెట్టుకునే స్తోమతను ఏ రాయితీ పథకమూ సమం చేయలేదు.

కృత్రిమ మేధ రాకతో ఈ అంతరం కొంత తగ్గి, కొత్త అనుమానం పుట్టింది. ఆలోచనలు కూడగట్టడానికి, తప్పులు దిద్దుకోవడానికి ఆ సాధనాల సాయం తీసుకోవచ్చునని, తుది వ్యాసం మాత్రం అభ్యర్థి సొంత కృషికి నిజమైన ప్రతిబింబమై ఉండాలని ఆమ్‌కాస్ ధ్రువీకరణ కోరుతోంది. నియమం సబబుగానే ఉంది. అమలు కష్టం. దిద్దుబాటు ఎక్కడ ముగిసి రచన ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చూపడం సాధ్యం కాదు. యంత్రం రాసిన వేలాది వ్యాసాల్లో భాష నున్నగా ఉంటుంది, మనిషి మాత్రం కనపడడు. అందరూ చక్కగా రాయగలిగే రోజుల్లో చక్కని రాతకు విలువ తగ్గి, రాయదగ్గ పని చేశారా లేదా అన్నదానికే విలువ పెరుగుతుంది.

ప్రవాస తెలుగు ఇళ్లలో

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ వ్యాసాలు మరో రకమైన ఇబ్బంది తెచ్చిపెడతాయి. ఆత్మస్తుతి తగదని, ఇంటి గుట్టు లంకకు చేటని విని పెరిగినవారు తమ గురించి, తమ ఇంటి గురించి అపరిచితులకు రాయాలి. తండ్రి ఉద్యోగం పోయిన ఏడాది, అమ్మమ్మ మతిమరుపు, తమ్ముడి మానసిక వ్యథ... ఇవి చెప్పుకోదగ్గ విషయాలా అన్న సందేహం సహజం. కష్టాన్ని ప్రదర్శనకు పెట్టడం తప్పనిసరి కాదు. గాయం ఎంత లోతన్నది కాకుండా, దాని నుంచి ఏం నేర్చుకుని ఏం చేశారన్నది పరిశీలకులకు అవసరం. చెప్పుకోవడం ఇష్టం లేనిదాన్ని చెప్పకుండా ఉండే హక్కు అభ్యర్థికి ఎప్పుడూ ఉంది.

మరోవైపు, చాలామంది తమ దగ్గరున్న బలమైన అనుభవాన్ని గుర్తించనే గుర్తించరు. అమెరికా వచ్చిన తాతయ్యను ఆసుపత్రికి తీసుకెళ్లి, వైద్యుడి ఇంగ్లిషును తెలుగులోకి, తాతయ్య తెలుగును ఇంగ్లిషులోకి మార్చి చెప్పిన మనవరాళ్లు ఎందరో. ‘గుండెల్లో మంట’ అన్న మాటను కడుపులో ఆమ్లంగా అనువదించాలా, గుండెపోటు లక్షణంగా చెప్పాలా అని ఒక్క క్షణం తడబడిన అమ్మాయికి వైద్యంలో భాష విలువ ఎవరూ నేర్పనక్కర్లేదు. అత్యవసరాల్లో తప్ప మైనర్ పిల్లలను దుబాసీలుగా వాడుకోరాదని అమెరికా ఆరోగ్య చట్టం కింద నిబంధన ఉన్నదంటే, ఆ తడబాటు ఎంత ప్రమాదకరమో అర్థమవుతుంది. దీన్ని ఇంటి పనిగా కొట్టిపారేయకుండా, అక్కడ ఏం అర్థమైందో రాయగలిగితే అది వైవిధ్య వ్యాసానికీ సమాధానమే, ‘వైద్యం ఎందుకు’ అన్నదానికీ సమాధానమే.

అయితే కొందరికి వ్యాసం ఎంత బాగున్నా తలుపు ఇరుకే. తల్లిదండ్రుల హెచ్1బీ వీసాపై ఆధారపడి హెచ్4 హోదాలో పెరిగిన పిల్లలను చాలా వైద్య కళాశాలలు విదేశీ విద్యార్థులుగానే పరిగణిస్తాయి. విదేశీయులను అసలు చేర్చుకోని కళాశాలలు అనేకం. ఇరవై ఒకటో ఏట ఆ హోదా కూడా ముగిసిపోతుంది. ఏ వాక్యనిర్మాణ నైపుణ్యమూ దాటలేని గోడ అది.

మన ఊళ్లలో ఎంబీబీఎస్ ముగించి అమెరికా రెసిడెన్సీకి దరఖాస్తు చేసే వైద్యులకూ ఇదే ధోరణి ఎదురవుతోంది. యూఎస్ఎంఎల్ఈ తొలి దశ పరీక్షలో 2022 జనవరి నుంచి స్కోరు ఎత్తివేసి, ఉత్తీర్ణత మాత్రమే ప్రకటిస్తున్నారు. దాంతో మిగిలిన అంశాలకు, దరఖాస్తులో రాసే అనుభవాలకు ప్రాముఖ్యం పెరిగింది. ర్యాంకే సర్వస్వమని నమ్మి చదివినవారికి ఇది ఊహించని మలుపు.

మనకు పనికొచ్చే ప్రశ్న

భారత్ ఎంచుకున్న దారి దీనికి పూర్తి భిన్నం. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. 2024లో 23 లక్షల మందికి పైగా రాశారు. ఆ ఏడాది తొలి ఫలితాల్లో 67 మందికి పూర్తి మార్కులు రావడం, ప్రశ్నపత్రం లీకు ఆరోపణలు దేశాన్ని కుదిపేశాయి. అయినా మార్కులనే నమ్మాలన్న ప్రజాభిప్రాయం చెక్కుచెదరలేదు. క్యాపిటేషన్ ఫీజులు, సిఫారసు లేఖల చరిత్ర తెలిసిన సమాజం విచక్షణాధికారాన్ని చూసి భయపడటంలో వింత లేదు.

మార్కులకు వెలుపల వెతికిన సంప్రదాయం మనకూ లేకపోలేదు. వెల్లూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ దశాబ్దాల పాటు రాతపరీక్షతో పాటు ముఖాముఖి పరిశీలన జరిపి, సేవా ఒప్పందం షరతుతో విద్యార్థులను ఎంపిక చేసుకుంది. ఆ హక్కు కోసం నీట్‌ను సవాలు చేసింది. 2017లో 100 ఎంబీబీఎస్ సీట్లలో ఒక్కటి మాత్రమే భర్తీ చేసి, మిగిలినవి ఖాళీగా వదిలేసింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మైనారిటీ సంస్థలకూ నీట్ వర్తిస్తుందని తేల్చడంతో ఆ వాదం ముగిసింది. అక్రమాలను అడ్డుకోవడానికి ఉమ్మడి పరీక్ష అవసరమన్న కోర్టు తర్కాన్ని కాదనలేం. అదే సమయంలో, పల్లె ఆసుపత్రికి వెళ్లి పనిచేసే వైద్యుడు కావాలన్న ఓ కళాశాల ప్రశ్నకు ఓఎంఆర్ పత్రంలో చోటు లేదన్నదీ వాస్తవమే.

అమెరికా పద్ధతిని తెచ్చి ఇక్కడ అతికించడం పరిష్కారం కాదు. ఇరవై మూడు లక్షల వ్యాసాలను నిష్పాక్షికంగా చదివే యంత్రాంగం ఏ దేశానికీ లేదు. డబ్బున్నవారి గొంతే అక్కడ ఎక్కువ వినిపించే ముప్పును పైన చూశాం. కానీ వ్యాసాన్ని పక్కన పెట్టినా ప్రశ్నను పక్కన పెట్టనక్కర్లేదు. గిరిజన ప్రాంతాల్లోని ఆరోగ్య కేంద్రాల్లో వైద్యుల కొరత గురించి ఏటా మాట్లాడుకునే రాష్ట్రాలు, తమ కొత్త వైద్య కళాశాలలు ఎవరి కోసం పుట్టాయో ముందుగా తామే రాసుకోవాలి. ‘మా దగ్గరికే ఎందుకు వస్తున్నారు’ అని విద్యార్థిని అడిగే అర్హత, ‘మేం ఎందుకు ఉన్నాం’ అన్నదానికి జవాబు రాసుకున్న సంస్థకే ఉంటుంది.