కరిగిన డాలర్లు, కరుగుతున్న రూపాయలు

అమెరికా ప్రభుత్వం 1794లో ఫిలడెల్ఫియా టంకశాలలో తొలిసారిగా ముద్రించిన వెండి డాలర్లు 1,758 మాత్రమే. వాటిలో ఒకటి 2013 జనవరిలో న్యూయార్క్ వేలంలో కోటి డాలర్లకు పైగా ధర పలికింది. రెండు తులాల పైచిలుకు తూగే బిళ్ళకు అంత వెలేమిటని సామాన్యునికి తోచవచ్చు. అయితే నాణేన్ని అరుదైనదిగా చేసేది టంకశాల ఒక్కటే కాదు, మూస కూడా.

ఈ కథలో భారతదేశానికీ పాత్ర ఉన్నదన్న సంగతి చాలామందికి తెలియదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇక్కడి ప్రజలు కాగితపు నోట్లను నమ్మక వెండి రూపాయలకై ఖజానాల ముందు బారులు తీరారు. వెండి నిల్వలు అడుగంటిన బ్రిటిష్ ప్రభుత్వం అమెరికాను ఆశ్రయించింది. 1918 ఏప్రిల్‌లో వచ్చిన పిట్‌మన్ చట్టం కింద 27 కోట్ల డాలర్లను కరిగించగా, అందులో దాదాపు 26 కోట్ల డాలర్ల వెండి భారతదేశపు అవసరానికే పోయింది. ఏ సంవత్సరపు నాణేలు ఎన్ని కరిగాయో లెక్క రాసినవారు లేరు. మిగిలినవాటిలో ఏది అరుదో తేల్చుకోలేక అక్కడి సేకర్తలు నేటికీ తర్జనభర్జన పడుతున్నారు.

అలా వచ్చిన వెండి రూపాయలై తెలుగు ఇళ్ళకూ చేరింది. ఆనాటి రూపాయి సరిగ్గా తులం తూగేది. నాటు వైద్యుడు మందు దినుసును ‘రూపాయి ఎత్తు’ అని చెప్పేవాడు. 1940లో ప్రభుత్వం రూపాయిలో వెండిని సగానికి తగ్గించడంతో జనం పాత నాణేలను దాచుకున్నారు. దాచినవి ఇప్పుడు బయటికి వస్తున్నాయి, కానీ కంసాలి కుంపటికి! 2025లో కిలో వెండి లక్ష రూపాయలు దాటిన తరువాత విక్టోరియా బొమ్మ అయినా, హైదరాబాద్ రాజ్యపు చార్మినార్ బొమ్మ అయినా ఒకటే. తరుగు తీసి తూకం వేయడమే, కాలి పట్టీలుగా మార్చడమే.

చట్టం ఈ నష్టాన్ని ఆపలేకపోతున్నది. 1972 నాటి పురావస్తు చట్టం నూరేళ్ళు నిండిన నాణేన్ని దేశం దాటించరాదంటుంది. కుంపటి దాకా దాని చూపు సాగదు. భూమిలో దొరికిన నిధికి వర్తించే 1878 నాటి చట్టమైతే మరీ విచిత్రం. పది రూపాయల విలువ దాటిన నిధిని కలెక్టరుకు తెలియజేయాలి. ప్రభుత్వం దానిని తీసుకోదలిస్తే లోహపు విలువకు అయిదోవంతు కలిపి చెల్లిస్తే చాలు. చరిత్రకు కట్టిన వెల ఆ అయిదోవంతు మాత్రమేనన్న మాట. పలుగుకు తగిలిన కుండను రైతు గుట్టుగా ఇంటికి మోసుకుపోతే తప్పు అతనిదొక్కనిదేనా?

నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు ప్రభుత్వం చేతికి చేరినందువల్లనే తెలుగు నేలకు మధ్యధరా తీరంతో సాగిన వర్తకానికి సాక్ష్యం దక్కింది. అవే కడియాలై ఉంటే ఆ సంగతి ఎవరికి తెలిసేది?

నిధి అప్పగించినవారికి సేకర్తల విపణిలో పలికే ధరకు దీటైన ప్రతిఫలం ఇచ్చేలా 1878 చట్టాన్ని సవరించాలి. ఇళ్ళలోని పాత రూపాయల సంగతి ఇంకా సులువు. వాటిని స్వాధీనం చేసుకోనక్కరలేదు. ఉభయ తెలుగు రాష్ట్రాల పురావస్తు శాఖలు జిల్లా కేంద్రాలలో నెలకొకనాడు నాణేలు చూచి, సంవత్సరమూ ముద్రా నమోదు చేసుకొని, వాటి విలువ చెప్పి తిరిగి ఇచ్చివేయవచ్చు. 1939 సంవత్సరపు వెండి రూపాయి ఎంత అరుదో తెలిసిన ఇల్లాలు దానిని తూకానికి అమ్మదు.