షెరీఫ్‌కు పార్టీ జెండా ఎందుకు?

అమెరికాలో కౌంటీ షెరీఫ్ మన జిల్లా ఎస్పీ లాంటి అధికారి మాత్రమే కాదు, చాలా కౌంటీల్లో జైలు కూడా ఆయన చేతిలోనే ఉంటుంది. నేరం ఇంకా రుజువు కాకుండానే కటకటాల వెనక ఉన్న మనుషుల తిండి, మందులు, ప్రాణం ఆయన పూచీ. అలాంటి పదవికి అభ్యర్థిని అనేక రాష్ట్రాల్లో పార్టీ ప్రైమరీయే, అంటే పార్టీ లోపలి తొలి ఎన్నికే తేలుస్తుంది. ఒకే పార్టీకి గట్టి పట్టున్న కౌంటీలో ప్రైమరీ నెగ్గినవారే దాదాపు షెరీఫ్, నవంబరు పోలింగు లాంఛనం. ఈ పద్ధతి మారాలి. షెరీఫ్ అభ్యర్థులు పార్టీ పేరు లేకుండా, ఓటర్లందరి ముందూ ఒకే బ్యాలెట్‌పై నిలబడాలి.

ఫీనిక్స్ నగరం ఉన్న మారికోపా కౌంటీనే చూడండి. 1993 నుంచి ఇరవై నాలుగేళ్లు అక్కడ షెరీఫ్‌గా ఉన్న జో అర్పాయో, మండుటెండల్లో ఖైదీలను గుడారాల్లో ఉంచి దేశమంతటా పేరు మోశారు. ఆయన సిబ్బంది జాతిని బట్టి లాటినోలను ఆపుతున్నారని 2013లో ఫెడరల్ న్యాయమూర్తి ముర్రే స్నో తేల్చారు. కోర్టు ఆదేశాలను పాటించనందుకు 2016లో అర్పాయోతో పాటు ఆయన ప్రధాన సహాయకుడు జెర్రీ షెరిడన్‌ కూడా కోర్టు ధిక్కారానికి పాల్పడ్డారని తీర్పు వచ్చింది. ఆ నవంబరులో ఓటర్లు అర్పాయోను ఇంటికి పంపారు. తీరా 2020 రిపబ్లికన్ ప్రైమరీలో ప్రధాన పోటీ మళ్లీ ఆ ఇద్దరి మధ్యే జరిగింది! కొద్ది వేల ఓట్ల తేడాతో షెరిడన్ నెగ్గి, నవంబరులో ఓడారు. 2024లో మాత్రం రెండూ గెలిచి షెరీఫయ్యారు. ఓటర్ల ఆ తీర్పును కాదనలేం. కానీ లాటినోల కేసు తెచ్చిన కోర్టు పర్యవేక్షణ ఖర్చు పన్ను కట్టే ప్రతి ఒక్కరి నెత్తినా పడుతున్నప్పుడు, తొలి వడపోతలో మరో పార్టీలో నమోదైన ఓటరుకు చోటు లేకపోవడం అన్యాయం.

పార్టీ పేరు తీసేస్తే అభ్యర్థి ఆలోచన ఓటరుకెలా తెలుస్తుందంటారు. వారంటు అందించడానికీ, జైల్లో జబ్బుపడిన మనిషిని వేళకు ఆసుపత్రికి చేర్చడానికీ పార్టీ సిద్ధాంతం అక్కర్లేదు. పార్టీ పేరు లేనంత మాత్రాన మంచివారే వస్తారనీ లేదు. కాలిఫోర్నియాలో షెరీఫ్ ఎన్నిక పార్టీలకు అతీతం. అయినా లాస్ ఏంజెలెస్‌లో 2018లో డెమోక్రాటిక్ పార్టీ మద్దతుతో గెలిచిన అలెక్స్ విల్లనువేవా పదవీకాలమంతా వివాదాలే. అయితే అందరూ ఓటేసే 2022 జూన్ ప్రైమరీలో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోవడంతో మొదటి ఇద్దరూ నవంబరులో అందరి ముందుకూ వచ్చారు. అరవై శాతానికి పైగా ఓట్లతో విల్లనువేవాపై రాబర్ట్ లూనా గెలిచారు. తప్పు దిద్దుకునే దారి తెరిచి ఉండటమే ఇక్కడ ముఖ్యం. ఎక్కువమంది ఓటేయాలని ఆ రాష్ట్రం 2028 నుంచి షెరీఫ్ ఎన్నికను అధ్యక్ష ఎన్నికల ఏడాదికి మార్చింది కూడా.

ఇన్ని చిక్కులెందుకు, మన ఎస్పీల్లాగా నియమిస్తే పోలేదా అనేవారూ ఉన్నారు. ప్రభుత్వం మారగానే ఎస్పీల బదిలీ జాబితాలు ఎలా వెలువడతాయో రెండు తెలుగు రాష్ట్రాలకూ తెలిసిందే. షెరీఫ్‌ను దించే అధికారం ప్రజల దగ్గరే ఉండాలి. చట్టం మారేదాకా ప్రైమరీని వదిలేయడానికీ వీల్లేదు. టెక్సస్‌లో అది మార్చిలోనే జరుగుతుంది. డాలస్ శివార్లలోని కొలిన్, డెంటన్ కౌంటీల్లో ఓటుహక్కున్న తెలుగువారు నవంబరు దాకా ఆగకుండా అప్పుడే అభ్యర్థులను నిలదీయాలి: ఈ నాలుగేళ్లలో మీ జైల్లో ఎందరు చనిపోయారు, ఎందుకు చనిపోయారు, ఎవరిపై చర్య తీసుకున్నారు?