హెల్మెట్‌కు చలానా ఉంది, చక్రం నట్టుకు లెక్కేదీ?

2025 ఫిబ్రవరిలో సూరత్ పోలీసులు హెల్మెట్ నిబంధనను గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టారు. 2019 డిసెంబరులో నగరాల్లో హెల్మెట్ తప్పనిసరి కాదని ప్రకటించి, ఆ తర్వాత వెనక్కి తగ్గిన రాష్ట్రం గుజరాత్. అక్కడ ఇది మంచి మార్పే. అయితే బండి నడిపే మనిషి తలను చూస్తున్న వ్యవస్థ, చక్రాన్ని పట్టి ఉంచే నట్టును ఎప్పుడు చూస్తుంది? సొంత బైకు అయితే పదిహేనేళ్లకు ఒకసారి, రిజిస్ట్రేషన్ పొడిగించుకునేటప్పుడు. మధ్యలో అడిగేది పొల్యూషన్ సర్టిఫికెట్ ఒక్కటే, అది పొగకు సంబంధించినది. బ్రిటన్‌లో మోటార్‌సైకిల్‌కు మూడేళ్లు నిండితే ఏటా పరీక్ష చేయించాలి. చక్రాలు, బేరింగులు, బ్రేకులు అన్నీ అందులో ఉంటాయి.

సూరత్‌లో ఇది చిన్న విషయం కాదు. ఉధనా, లింబాయత్ మరమగ్గాల షెడ్లకు, రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లకు, వరాఛా వజ్రాల కార్ఖానాలకు వెళ్లేవారిలో చాలామందికి బైకే ఆధారం. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన నేత కుటుంబాలూ వీరిలో ఉన్నాయి. ఉచిత సర్వీసులు అయిపోయాక ఇలాంటి బండ్లు ఎక్కువగా వెళ్లేది వీధి చివరి మెకానిక్ దగ్గరికే. టైరు మార్చినా, బ్రేక్ షూలు వేసినా యాక్సిల్ బయటికి రావాలి. చైన్ బిగించాలన్నా వెనక యాక్సిల్ నట్టు వదులు చేయాల్సిందే. అంటే బండిలో అతి తరచుగా విప్పి బిగించే పెద్ద నట్టు ఇదే.

దాన్ని ఎంత బిగించాలో కంపెనీ సర్వీస్ మాన్యువల్‌లో న్యూటన్ మీటర్లలో రాసి ఉంటుంది. మోడల్‌ను బట్టి అంకె మారుతుంది. చిన్న బైకుల్లో ముందు యాక్సిల్‌కు సుమారు 40 నుంచి 70, వెనక దానికి 60 నుంచి 90 మధ్య ఉండటం మామూలు. ఉదాహరణకు 90 అనుకుందాం. పాతిక సెంటీమీటర్ల పానాతో ఆ బిగువు రావాలంటే చివర దాదాపు 37 కిలోల బలం వేయాలి. పదిహేను సెంటీమీటర్ల పానాతో అయితే 61 కిలోలు, మణికట్టు బలంతో అది అయ్యే పని కాదు. అదే పానాకు పైపు తొడిగి అరవై సెంటీమీటర్లు చేసి, 30 కిలోల బలంతో లాగితే 176 న్యూటన్ మీటర్లు పడుతుంది, దాదాపు రెట్టింపు. చేతికి మాత్రం రెండో పనే తేలికగా అనిపిస్తుంది. ‘చేతికి తెలుస్తుంది’ అన్న మాటను నమ్మలేనిది ఇందుకే.

వేసిన బలంలో ఎక్కువ భాగం నట్టు కింది రాపిడికీ మరల రాపిడికీ పోతుంది. నిజంగా బిగింపుగా మిగిలేది సుమారు పదో వంతు. కాబట్టి మరలకు ఆయిల్ పూస్తే అదే అంకెకు బిగింపు పెరుగుతుంది, తుప్పు పడితే తగ్గుతుంది. వానాకాలం నీళ్లలో తిరిగే బండికి ఈ రెండోది మామూలే.

వదులైతే ఏమవుతుందో ఊహించవచ్చు: యాక్సిల్ తన గాడిలో కదులుతుంది, చైన్ లాగుడుకు చక్రం ఒక పక్కకు ఒరుగుతుంది. ఎక్కువైతే జరిగేది కంటికి కనిపించదు. మరలు సాగుతాయి, బేరింగుల మధ్య ఉండే గొట్టం నలుగుతుంది, బేరింగులు పక్క ఒత్తిడికి అరిగిపోతాయి. వెనక డ్రమ్ బ్రేకు ప్లేటును పట్టుకునే కడ్డీ నట్టును చాలామంది పట్టించుకోరు. అది ఊడితే బ్రేకు వేసిన క్షణాన ప్లేటు చక్రంతో పాటు తిరిగి, చక్రాన్నే పట్టేయవచ్చు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనదారులు. కేంద్ర రవాణా శాఖ వార్షిక నివేదికలో నిబంధనల ఉల్లంఘన పట్టిక చూస్తే అతివేగం, రాంగ్ సైడ్, మద్యం, ఫోను, రెడ్ లైటు, చివర ‘ఇతరాలు’. నట్టు వదులై పడిన మనిషి ఆ పట్టికలో ఎక్కడ ఉంటాడు? బహుశా అతివేగం కిందే. లెక్కలో లేని కారణానికి విధానమూ ఉండదు.

చట్టం మాత్రం ఉంది. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ ప్రకారం లోపమున్న బండిని రోడ్డెక్కిస్తే 1,500 రూపాయల వరకు జరిమానా. అయితే అది నడిపిన వ్యక్తికి, బిగించిన వాడికి కాదు. మెకానిక్ మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే పని చేయించుకున్నట్టు చూపాలి, వీధి షెడ్డులో బిల్లు ఇచ్చేవారెవరు?

తప్పంతా మెకానిక్‌దే అనడమూ సరికాదు. టార్క్ రెంచ్ కొనడానికి కొన్ని వేలు కావాలి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఏడాదికో, 5,000 బిగింపులకో ఒకసారి దాన్ని సరిచూపించాలి. చైన్ బిగించినందుకు యాభై రూపాయలకు బేరమాడే చోట ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? కంపెనీలు సర్వీస్ మాన్యువల్‌ను డీలర్లకే పరిమితం చేయకుండా, యాక్సిల్ అంకెను స్వింగ్ ఆర్మ్ మీద ఒక స్టిక్కరుగా అతికిస్తే పెద్ద ఖర్చేమీ కాదు. టైరు గాలి ఒత్తిడికి ఇప్పటికే చాలా బండ్ల మీద అలాంటి స్టిక్కరు ఉంది.

అప్పటిదాకా బండి యజమాని చేయగలిగింది కొంత ఉంది. నట్టు బిగించాక దాని మీది నుంచి పక్కనున్న లోహం దాకా పెయింటుతో ఒక గీత గీయించుకోవాలి. గీత రెండుగా విడిపోతే నట్టు కదిలినట్టే. స్ప్లిట్ పిన్ తీస్తే కొత్తది వేయించాలి. నైలాన్ రింగు ఉన్న లాక్ నట్టు పట్టు తగ్గి చేత్తో తిరుగుతుంటే, దాన్ని మార్చమనాలి.