ఇంగ్లీషు నుడికారము



వ్యాకరణము చదివి, వేయి మాటలు కంఠస్థము చేసిన పిమ్మట గూడ, ఇంగ్లీషు మాటలాడువారి నడుమ గూర్చున్నప్పుడు మనకు భావము జారిపోవుచుండును. తెలిసిన మాటలే వినబడును. అర్థము మాత్రము చిక్కదు. ఆ భాష నుడికారము మనకు పట్టుబడకపోవుటయే దీనికి గారణము.

మన తెలుగునే చూడుడు. "పడు" అను చిన్న క్రియ కలదు. సిగ్గుపడుట, జబ్బుపడుట, బయటపడుట, అడ్డుపడుట — వీనిలో నేలమీద గూలుట యెచ్చటను లేదు. "పడు" అనగా గూలుట యని మాత్రమే యెరిగిన పరభాషీయుడు, "ఆమె సిగ్గుపడినది" యని వినగానే లేవనెత్తుటకు బరుగెత్తును! ఇంగ్లీషు విషయమున మన స్థితియు నిట్టిదే.

"లుక్" అనగా జూచుట. "లుక్ ఆఫ్టర్" అనగా సంరక్షించుట. "లుక్ ఫర్" వెదకుట. "లుక్ డౌన్ ఆన్" చులకనగా జూచుట. "పుట్" అనగా నుంచుట. "పుట్ ఆన్" ధరించుట. "పుట్ ఆఫ్" వాయిదా వేయుట. "పుట్ అవుట్" దీపము నార్పుట. "పుట్ అప్ విత్" ఓర్చుకొనుట. వీనిని విడదీసి యర్థము చెప్పుకొనరాదు. జంటను జంటగానే నేర్వవలెను.

మరియొక నియమము. "దానిని వాయిదా వేయుము" అనుటకు "పుట్ ఇట్ ఆఫ్" అనవలెను గాని "పుట్ ఆఫ్ ఇట్" అనరాదు. "లుక్ ఆఫ్టర్" మాత్రము విడిపోదు. "లుక్ ఆఫ్టర్ హర్" అనియే యనవలెను. కావున బ్రతిపలుకుబడిని నిండువాక్యముతో నేర్చుట మేలు.

అర్థము తెలిసినంతనే చాలదు, సందర్భమును దెలియవలెను. నా యనుభవము చెప్పెదను. "కిక్ ది బకెట్" అనగా మరణించుట యని యొక పట్టికలో జదివియుంటిని. మా పొరుగున నున్న యుపాధ్యాయిని తండ్రి గతించినప్పుడు, పరామర్శ లేఖలో నా మాటయే వ్రాసితిని. ఆమె యేమియు ననలేదు. కొన్నాళ్లకు మా యమ్మాయి నకలు చదివి తల పట్టుకొని, "అమ్మా! ఇది 'గుటుక్కుమన్నాడు' అన్నట్లుండును గదా!" యన్నది. నాకు నోట మాట రాలేదు. మరునాడే పోయి క్షమాపణ చెప్పుకొంటిని. అచ్చట వ్రాయదగిన మాట "పాస్డ్ అవే".

నేర్చుకొనువారికొరకు హార్న్‌బీ మొదలగువారు కూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలో వెలువడినది. అట్టి నిఘంటువులలో నేది హాస్యమునకు, నేది మర్యాదకు దగినదో గుర్తులుండును. వాడుటకు ముందు వానిని జూడుడు. వానకు "క్యాట్స్ అండ్ డాగ్స్" అనుట నేడు పాతబడినది. "ఇట్స్ పోరింగ్" అన్న జాలును.

వారమునకు మూడు పలుకుబడులు చాలును. వానిని ఇంటిపనిలోనే వాడుడు. పాలు నిండుకొన్నప్పుడు "వి హావ్ రన్ అవుట్ ఆఫ్ మిల్క్" అనుడు. పిల్లలు బొమ్మలు చిందరవందర చేసినప్పుడు "పుట్ దెమ్ అవే" యనుడు. పదిసార్లు నోట నానిన మాట పదునొకండవసారి తలపకయే వచ్చును.

ఈ నెల యభ్యాసము: "గివ్ అప్" (మానివేయుట), "టర్న్ డౌన్" (నిరాకరించుట), "బ్రింగ్ అప్" (పెంచుట) — వీనితో మీ యింటి సంగతులే రెండేసి వాక్యములు వ్రాయుడు. వచ్చు సంచికలో "గెట్" అను క్రియను గూర్చి ముచ్చటించుకొందము.