పిలువని చుట్టము

గోడమీద కాకి అరచినచో చుట్టము వచ్చునని మన పల్లెలలో నేటికిని చెప్పుకొందురు. ఈ శకునమునందు నాకొక లోపము కనబడుచున్నది. వచ్చుననుటయే గాని, వచ్చినవానిని ఏమి చేయవలెనో కాకి చెప్పదు. ఇల్లాలు బియ్యపు డబ్బా మూత తీసి చూచుకొనుట దానికి పట్టదు.

చీనావారి ప్రాచీన ప్రశ్నశాస్త్రగ్రంథము ‘ఐ చింగ్’ ఈ కొరత తీర్చినది. దాని మూలభాగము రమారమి 3 వేల యేండ్లనాటిది. ఆరేసి గీతలు గల 64 రూపములు అందు కలవు. 50 పుల్లలు గైకొని, ఒకదానిని ప్రక్కనుంచి, తక్కిన 49 పుల్లలను పంచుచు, లెక్కించుచు ప్రశ్నకు తగిన రూపమును తీయుదురు. ఐదవ రూపమునకు ‘నిరీక్షణము’ అని అర్థము వచ్చు పేరు. క్రింద ఆకాశము, మీద నీరు. మబ్బు లేచినది గాని వాన యింకను పడలేదు. వేచియుండువాడు మొదట ఊరి వెలుపల, పిదప ఇసుకలో, ఆ తరువాత బురదలో నిలుచును. నారు పోసికొని మబ్బువంక చూచు కొల్లేటి రైతునకు ఈ రూపమును వివరింప పనిలేదు. చివరి గీతకు వచ్చుసరికి వాడు గోతిలోనే పడును. సరిగా అప్పుడే ముగ్గురు అతిథులు పిలువకయే వత్తురట! వారిని గౌరవించినచో తుదకు మేలగునని ఆ గీతకు తాత్పర్యము. ఆ మేలేమో గ్రంథము చెప్పదు. తీరిక యున్నప్పుడు చేయు మర్యాదను గూర్చి చెప్పిన మాట కాదిది.

మనకును ఈ భావము క్రొత్త కాదు. తిథినియమము లేనివాడు అతిథి యని వ్యుత్పత్తి. తేది నిర్ణయించుకొని వచ్చువాడు ఆ లెక్కను అతిథియే కాడు. పెద్దన మనుచరిత్రలో ప్రవరుని యింటికి సిద్ధుడట్లే వచ్చి, పూజలందుకొని, పాదలేప మిచ్చెను. అది మంచునకు కరగిపోగా ప్రవరుడు హిమాలయమున చిక్కుకొనెను. అతిథిసేవకు ఫలమిదియా యని విద్యార్థులు అడుగుదురు, అడుగవలసినదే. కాని ఆ చిక్కు లేనిదే స్వరోచి లేడు, స్వారోచిష మనువును లేడు. మేలు కలిగినది, అయితే ప్రవరుడు కోరిన చోట కాదు.

మా దెందులూరునకు చేరువనే పెదవేగి యున్నది. 7వ శతాబ్దిలో చీనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ ఆంధ్రదేశమునకు వచ్చి, దాని రాజధాని పేరు ‘పింగ్ కి లో’ యని వ్రాసికొనెను. అది వేంగియే యని పలువురు చరిత్రకారుల మతము. ఇచటివారి మాట మధ్యదేశపు మాటకు భిన్నమనియు, లిపి మాత్రము చాలవరకు ఒకటే యనియు ఆయన వ్రాసెను. నన్నయకు సుమారు నాలుగు వందల యేండ్లు ముందటి మాట! ఆయన బౌద్ధగ్రంథములకై వచ్చినవాడు, మన భాషకు సాక్ష్యము పలుకుటకు రాలేదు. పిలువని చుట్టము విడిచిపోయిన సొత్తును భాషాచరిత్ర చెప్పు మేము నేటికిని అనుభవించుచున్నాము.

ఇంత చెప్పి, తరగతిలో మనము చేయుచున్నదేమి? అతిథి శబ్దమును వివరించుచుండగా వెనుక బల్లనుండి ఒకడు లేచును. “మాస్టారూ, కొల్లేటికి ఏటా అదే కాలానికి వచ్చే పక్షులు అతిథులెలా అవుతాయండీ?” అనును. “అది పరీక్షలో రాదు, కూర్చో” అందుము. వ్యుత్పత్తిని అందరికంటె బాగుగా గ్రహించినవాడు వాడే!

ఉపాధ్యాయుల యిబ్బంది నేనెరుగనిది కాదు. పాఠ్యప్రణాళిక పూర్తి కాకున్న అడుగువారు కలరు, ప్రశ్నను త్రోసివేసిన అడుగువారు లేరు. పాఠము తప్పించుకొనుటకై ప్రశ్నలు వేయు గడుసువారును ఉందురు. వారు ఎవరో తరగతికంతకును తెలియును. వారికి భయపడి తక్కినవారి నోరు నొక్కుట న్యాయము కాదు. ముగ్గురు అడిగినచో మూడు ప్రశ్నలను నల్లబల్ల మూలను వ్రాసి యుంచి, గంట కొట్టుటకు ఐదు నిమిషముల ముందు వానికి పీట వేయవచ్చును. సమాధానము మనకు తెలియనిచో, అడిగినవానిని వెంటబెట్టుకొని గ్రంథాలయమునకు పోవచ్చును.