ఖాతా ఫైలుకు తాళమేదీ?

తిరువూరులో ఎరువులు, పురుగుమందుల కొట్టు నడిపే ఓ పెద్దాయన ఇంటిని ఊహించుకోండి. విజయవాడ నుంచి భద్రాచలం వెళ్లే రోడ్డు మీద ఊరు. చుట్టూ పత్తి, మిరప, మామిడి తోటలు. గంపలగూడెం, విస్సన్నపేట వైపు రైతులే కాదు, కాస్త దూరం పోతే తెలంగాణే కాబట్టి పెనుబల్లి, వేంసూరు వైపు వాళ్లూ ఆ కొట్టుకే వస్తారు. తొలకరికి అరువు, పంట చేతికొచ్చాక చెల్లింపు. ఈ లెక్కంతా ఒకప్పుడు ఎర్రగుడ్డ అట్టల ఖాతా పుస్తకాల్లో ఉండేది. పగలు గల్లాపెట్టె పక్కన, రాత్రికి బీరువాలో.

2000 తర్వాత ఇంట్లోకి కంప్యూటరు వచ్చింది. ఎమ్‌సీఏ చదివే కొడుకు సెలవులకొచ్చి మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఓ డేటాబేస్ తయారుచేసి పెట్టాడు. రైతు పేరు, ఊరు, ఫోన్ నంబరు, తీసుకున్న సరుకు, వడ్డీ, బాకీ... అన్నీ ఒకే ఫైల్లో. కొడుకు ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఇంట్లో కంప్యూటర్లు రెండు మూడు మారాయి. ఫైలు మాత్రం ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతూ ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది. చీటీల లెక్కలు, ట్యూషన్ ఫీజులు, కమిషన్ కొట్టు పద్దులు ఇలాంటి ఫైళ్లలో నడిపే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పని జరిగిపోతుంటే ఎవరు మాత్రం మారుస్తారు!

బీరువాకు రెండు తాళాలు వేసే ఆ పెద్దాయన, ఫైలుకు మాత్రం ఒక్కటీ వేయలేదు.

ఆ ఫైల్లో ఉన్నది ఆయన సొమ్ము లెక్క ఒక్కటే అయితే, పోనీ ఆయన ఇష్టం అనుకోవచ్చు. కానీ అందులో రెండు మూడు వందల కుటుంబాల గుట్టు ఉంది. ఏ కౌలు రైతు రెండేళ్లుగా వడ్డీ కూడా కట్టలేకపోతున్నాడో, కూతురి పెళ్లి చేసిన ఏడాది ఎవరి బాకీ ఎంత పెరిగిందో అంతా వివరంగా ఉంది. ఇది బయటికి పొక్కితే ఇంకో కొట్టులో అరువు పుట్టదు. కుదరబోయే సంబంధం ఆగిపోవచ్చు. కొట్టాయన మీద నమ్మకంతో చెప్పుకున్న మాటలవి. ఆ పుస్తకం ఎవరైనా తీసి చదువుతుంటే ఆయన ఊరుకునేవాడా?

కంప్యూటర్లో మాత్రం చదవడానికి అడ్డే లేదు. సెలవులకొచ్చిన మనవడు ఆటలాడేది దాని మీదే. మొరాయిస్తే మొత్తం డబ్బా రిపేరు షాపుకు వెళుతుంది, రెండ్రోజులు అక్కడే ఉంటుంది. ప్రింట్ల కోసం ఫైలు పెన్‌డ్రైవ్‌లో నెట్ సెంటర్‌కు వెళుతుంది. అక్కడి కంప్యూటర్‌లోకి ఓ కాపీ ఎక్కితే దాన్ని తీసేసేదెవరు? రైతుల ఫోన్ నంబర్లు ఎవరికి పనికొస్తాయిలే అనుకోవద్దు. 2023 ఏప్రిల్‌లో సైబరాబాద్ పోలీసులు ఒక వ్యక్తిని పట్టుకుని, అతని దగ్గర 66.9 కోట్ల మంది వివరాలు దొరికాయని ప్రకటించారు. పేర్లు, నంబర్ల జాబితాలే అక్కడ అమ్మకానికి పెట్టిన సరుకు!

విండోస్‌కు పాస్‌వర్డ్ ఉందిగా?

చాలామంది ధీమా ఇదే. కంప్యూటరు ఆన్ చేయగానే పాస్‌వర్డ్ అడుగుతుంది కదా, ఇంకేం కావాలని. అది వీధి తలుపు గొళ్లెం మాత్రమే. హార్డ్‌డిస్కు విప్పి ఇంకో కంప్యూటరుకు తగిలిస్తే, డిస్కును ఎన్‌క్రిప్ట్ చేయని పక్షంలో, ఫైళ్లన్నీ తెరిచిన పుస్తకమే. రిపేరు షాపులో డేటా కాపీ చేసిచ్చేది సాధారణంగా ఇలాగే. పైగా ఇంట్లో అందరికీ ఆ పాస్‌వర్డ్ తెలిసే ఉంటుంది. తెలియకపోతే పిల్లలు ఊరుకోరు!

కాబట్టి ఫైలుకే విడిగా తాళం వేయాలి. అయితే ఇక్కడో తిరకాసుంది. యాక్సెస్ ఫైళ్లు రెండు రకాలు. ఫైలు పేరు చివర ‘ఎమ్‌డీబీ’ అని ఉంటే పాత రకం. యాక్సెస్ 2003 వరకు తయారైనవన్నీ ఇవే. చివర ‘ఏసీసీడీబీ’ అని ఉంటే యాక్సెస్ 2007తో మొదలైన కొత్త రకం. చివరి అక్షరాలు కనిపించకపోతే ఫైలు మీద రైట్‌క్లిక్ చేసి ‘ప్రాపర్టీస్’ చూడండి.

పాత రకం ఫైలుకూ పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. పెడితే అడుగుతుంది కూడా. చూసేవాళ్లు బ్రహ్మాండమైన భద్రత అనుకుంటారు. నిజానికి లోపలున్న లెక్కలు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే పిచ్చిగీతల మధ్య ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్న పేర్లు అక్కడక్కడా చదవడానికి వీలుగానే కనిపిస్తాయి! ఇక పాస్‌వర్డ్ సంగతంటారా, అదీ ఆ ఫైలు మొదట్లోనే కాస్త మారువేషంలో దాగి ఉంటుంది. దాన్ని బయటికి లాగే ఉచిత ప్రోగ్రాములు ఎప్పట్నుంచో ఉన్నాయి. వాటికి పట్టేది కొన్ని సెకన్లే. కొత్త యాక్సెస్‌లో తెరిచి ‘సెట్ డేటాబేస్ పాస్‌వర్డ్’ నొక్కినా, ఫైలు పాత రకానిదైతే తాళమూ పాతదే. పిల్లలు ముట్టుకోకుండా ఉండటానికి సరిపోతుంది. పనిగట్టుకుని వచ్చేవాడికి లెక్కలోదే కాదు.

కొత్త రకంలో అలా కాదు. పాస్‌వర్డ్ పెట్టగానే ఫైలు మొత్తం ఎన్‌క్రిప్ట్ అవుతుంది. అంటే ప్రతి అంకె, ప్రతి అక్షరం ఆ పాస్‌వర్డ్ లేకపోతే అర్థంకాని గందరగోళంగా మారిపోతుంది. ఇందులోనూ 2007 నాటి పద్ధతి బలహీనమే. 2010 నుంచి మెరుగైన ‘ఏఈఎస్’ పద్ధతి వచ్చింది. అప్పుడెప్పుడో 2007లో తాళం వేసిన ఫైలైతే, కొత్త వెర్షన్లో తెరిచి పాస్‌వర్డ్ ఒకసారి తీసేసి మళ్లీ పెట్టండి. కొత్త తాళం పడుతుంది.

వేసేది ఇలా...

మొట్టమొదట ఫైలుకు ఓ కాపీ తీసి పక్కన పెట్టుకోండి. ఏదైనా తేడా వస్తే అదే దిక్కు. ఫైలు పాత రకమైతే యాక్సెస్‌లో తెరిచి ‘ఫైల్’ మెనూలోని ‘సేవ్ యాజ్’తో కొత్త రకంలోకి మార్చాలి. మరీ పాతది, అంటే యాక్సెస్ 97 నాటిదైతే 2013, ఆ తర్వాతి వెర్షన్లు దాన్ని అసలు తెరవనే తెరవవు. యాక్సెస్ 2010గానీ అంతకుముందుదిగానీ ఉన్న కంప్యూటరును వెతుక్కోవాల్సిందే. మార్చాక ఫారాలు, రిపోర్టులు అన్నీ మునుపటిలా వస్తున్నాయో లేదో చూసుకోండి.

ఇప్పుడు ఫైలును మూసేసి, యాక్సెస్‌ను మాత్రం మళ్లీ తెరవండి. ఫైలు మీద డబుల్‌క్లిక్ చేయకూడదు. ‘ఫైల్’, ‘ఓపెన్’, ‘బ్రౌజ్’ వరుసగా నొక్కి ఫైలును ఎంచుకోండి. కింద ‘ఓపెన్’ బటన్ పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కి ‘ఓపెన్ ఎక్స్‌క్లూజివ్’ అనేదాన్ని ఎంచుకోవాలి. తాళం వేసే సమయంలో ఆ ఫైలు ఇంకెవరి చేతిలోనూ ఉండకూడదన్నమాట. చాలామంది తప్పేది ఈ మెట్టు దగ్గరే. తర్వాత ‘ఫైల్’లోనే ‘ఇన్ఫో’కు వెళ్లి ‘ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్’ నొక్కండి. పాస్‌వర్డ్ రెండుసార్లు అడుగుతుంది. ‘రో లెవల్ లాకింగ్’ పనిచేయదంటూ ఓ సందేశం రావచ్చు, కంగారుపడొద్దు. ఒకేసారి నలుగురు కూర్చుని పనిచేసే ఆఫీసుల గొడవ అది. ‘ఓకే’ అనేయండి. ఫైలు మూసి, తెరిచి, పాస్‌వర్డ్ సరిగ్గా పడుతోందో చూసుకోండి.

లెక్కలు ఎక్సెల్‌లో రాసుకునేవాళ్లకూ ‘ఫైల్’, ‘ఇన్ఫో’ దగ్గరే ‘ప్రొటెక్ట్ వర్క్‌బుక్’ కింద ఈ సదుపాయం ఉంది. ‘రివ్యూ’లో కనిపించే ‘ప్రొటెక్ట్ షీట్’ను చూసి ఇదే కాబోలనుకోవద్దు. అది గళ్లలో అంకెలు చెరిగిపోకుండా చూస్తుందంతే, ఎవరూ చదవకుండా ఆపదు.

పని ఇంతటితో అయిపోలేదు. తాళం లేని పాత ఫైలు అదే ఫోల్డర్లో అలాగే ఉంది కదా! కొత్తది ఓ పది రోజులు సరిగ్గా నడిచాక పాతదాన్ని తీసేయాలి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. మొదట పక్కన పెట్టిన కాపీ, పెన్‌డ్రైవుల్లో ఉన్నవి, ఆడిటర్‌కు మెయిల్లో పంపినవి గుర్తుచేసుకోండి. ముందు తలుపుకు ఇనుప గేటు పెట్టించి, పెరటి తలుపు తీసి పడుకుంటే ఏం లాభం?

పాస్‌వర్డ్ ఫైలును చదవనివ్వదుగానీ చెరిపేయకుండా ఆపలేదు. మనవడు డిలీట్ నొక్కితే తాళంతో సహా పోతుంది. కాబట్టి తాళం వేసిన ఫైలునే పెన్‌డ్రైవ్‌లోకి వారానికోసారి కాపీ చేసి బీరువాలో పెట్టుకోవడం తప్పదు.

తాళంచెవి ఎవరి దగ్గర?

పాస్‌వర్డ్ అనగానే మనవాళ్లకు మొదట గుర్తొచ్చేది బండి నంబరు. ఆ తర్వాత కూతురి పుట్టినరోజు, కొట్టు పేరు. ఊళ్లో సగం మందికి ఈ మూడూ తెలుసు. దానికన్నా ఒకదానికొకటి సంబంధంలేని మూడు తెలుగు మాటలు ఇంగ్లిషు అక్షరాల్లో కలిపి రాసి, మధ్యలో రెండంకెలు చేరిస్తే కనుక్కోవడం కష్టం, గుర్తుపెట్టుకోవడం తేలిక. వేప, రైలు, గొడుగు... ఇలాగన్నమాట. దీన్నే పెట్టుకోకండి, పేపర్లో పడిపోయింది! మొత్తం 20 అక్షరాల్లోపే ఉండాలి. పెద్దబడి, చిన్నబడి తేడా కూడా ఉంటుంది.

తెలుగు మాటలతో ఓ చిక్కుంది. దీపం అని రాయాలంటే ‘డి’ తర్వాత రెండు ‘ఈ’లా, ఒక్క ‘ఐ’నా? ఈరోజు ఒకలా రాస్తాం, ఆర్నెల్ల తర్వాత చేయి ఇంకోలా పోతుంది. అసలు మాట గుర్తుండి కూడా ఫైలు తెరుచుకోదు. కొత్త రకం ఫైలు పాస్‌వర్డ్ మరచిపోతే మైక్రోసాఫ్ట్ వాళ్లు సైతం తీసివ్వలేరు. పాత గడియ బలహీనమైనా, మరచిపోయినప్పుడు అదే కాపాడేది. ఇప్పుడా అవకాశం లేదు.

మరచిపోవడం కంటే పెద్ద సమస్య, ఆ ఒక్క మనిషే లేకపోవడం. కొట్టు పెద్దాయనకు పత్తి తీతల వేళ గుండెనొప్పి వచ్చి విజయవాడ ఆస్పత్రిలో చేర్చారనుకోండి. అదే బాకీలు వసూలయ్యే కాలం. రైతులు డబ్బు పట్టుకుని ఇంటికొస్తారు, ఎంత కట్టాలో చెప్పమంటారు. భార్యకు ఫైలెక్కడుందో తెలుసు, పాస్‌వర్డ్ తెలియదు. కొడుక్కి చెప్పలేదు. కాగితం మీద ఎక్కడా లేదు. నోటిమాట మీద లెక్క తేల్చుకోవాలి. ఒకరు తగ్గించి చెప్పారని వీళ్లకు అనుమానం, కట్టిందాన్ని మళ్లీ అడుగుతున్నారని వాళ్లకు కోపం. పాత ఖాతా పుస్తకమైతే బీరువా పగలగొట్టయినా తీసేవాళ్లు. దీనికి పగలగొట్టడం కుదరదు.

మన ఇళ్లలో మగవాళ్లు లెక్కల సంగతి ఆడవాళ్లకు చెప్పకపోవడం పెద్దరికం కింద చెలామణీ అవుతోంది. పాస్‌వర్డ్ వచ్చాక ఆ పెద్దరికం ఇంటి మీదకే తెస్తుంది. పాస్‌వర్డ్‌ను విడివిడి అక్షరాలుగా, పెద్దబడో చిన్నబడో తెలిసేలా, కాగితం మీద రాసి కవరులో పెట్టి అంటించండి. కవరును బ్యాంకు లాకర్లోనో, నగలుండే అరలోనో పెట్టి, ఉందన్న సంగతి భార్యకూ పిల్లల్లో ఒకరికీ చెప్పండి. కంప్యూటరు మీద అంటించడం, పెన్‌డ్రైవు డబ్బాలోనే పెట్టడం మాత్రం వద్దు.

అన్నట్టు, 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలూ వెలువడ్డాయి. ఇంటి ఖర్చులు, చుట్టాల ఫోన్ నంబర్లలాంటి సొంత అవసరాల లెక్కలకు ఈ చట్టం వర్తించదు. ఇంట్లో కంప్యూటర్లోనే ఉన్నా ఎరువుల కొట్టు ఖాతా సొంత అవసరం కిందకు రాదు. కొత్త ఖాతా మొదలుపెట్టే రోజున కవరు తెరిచి, అందులోని పాస్‌వర్డ్‌తో ఫైలు తెరుచుకుంటోందో లేదో ఏడాదికోసారి చూసుకోండి. ఆ పని భార్య చేత చేయిస్తే ఇంకా మంచిది.