పుచ్చకాయల లారీ, పియానో, భూమి

రైతు పత్రికలో కార్మికుల నాటకాల సంగతెందుకని కొందరు అడగవచ్చు. పట్నంలో కూలి చేసే మనిషి నిన్నటిదాకా ఎవరు? చాలాసార్లు భూమి దక్కని రైతే. అమెరికా నాటకకర్త ఆగస్ట్ విల్సన్ ఆ సంగతినే మనసుకు పట్టేలా రాశాడు.

విల్సన్ 1945లో పిట్స్‌బర్గ్‌లోని హిల్ డిస్ట్రిక్ట్ అనే పేటలో పుట్టాడు. తల్లి ఇళ్లలో పాచిపని చేసి పిల్లలను పెంచింది. ఆయన పదిహేనేళ్లకే బడి మానేసి గ్రంథాలయంలో చదువుకున్నాడు. 2005లో చనిపోయేలోగా 20వ శతాబ్దంలోని దశాబ్దానికొకటి చొప్పున 10 నాటకాలు రాశాడు. అందులో 9 పిట్స్‌బర్గ్‌లోనే జరుగుతాయి.

'ఫెన్సెస్'లో ట్రాయ్ చెత్త బండి కార్మికుడు. అతని తండ్రి దక్షిణాదిన పంటలో వాటాకు దొర పొలం దున్నినవాడు. తెల్లవాళ్లు బండి నడిపితే నల్లవాళ్లు చెత్త ఎత్తాలా అని ట్రాయ్ నిలదీస్తాడు. విషయం సంఘం దాకా వెళ్తుంది, అతను డ్రైవర్ అవుతాడు.

1990లో పులిట్జర్ బహుమతి పొందిన 'ది పియానో లెసన్' మనకు ఇంకా దగ్గరిది. కథాకాలం 1936. బాయ్ విల్లీ మిసిసిపీ నుంచి లారీ నిండా పుచ్చకాయలతో వస్తాడు. తన పూర్వీకులు బానిసలుగా చాకిరీ చేసిన సట్టర్ల భూమి అమ్మకానికి వచ్చింది. డబ్బు కొంత కూడబెట్టాడు, కొంత పుచ్చకాయల మీద వస్తుంది. మిగతాది రావాలంటే అక్క ఇంట్లోని పియానో అమ్మాలి. ఒకప్పుడు సట్టర్లు వాళ్ల ముత్తవ్వను, పసివాడైన తాతను ఇచ్చి ఆ పియానో తెచ్చుకున్నారు. ముత్తాత దానిమీద ఇంటివాళ్ల బొమ్మలు చెక్కాడు. దాన్ని సట్టర్ల ఇంటి నుంచి తీసుకొచ్చినందుకు తండ్రి ప్రాణం పోయింది.

అమ్ముదామంటాడు తమ్ముడు. ససేమిరా అంటుంది అక్క. నా ఉద్దేశంలో ఇద్దరిదీ తప్పు కాదు. తరతరాలుగా దున్నిన నేలను కొనడానికి ఇంటి జ్ఞాపకాన్ని అమ్ముకోవలసి రావడమే తప్పు. 1865లో తీరప్రాంతంలో విముక్త బానిసలకు కుటుంబానికి 40 ఎకరాల దాకా కేటాయించిన భూమిని, అదే ఏడాది అధ్యక్షుడు జాన్సన్ చాలావరకు పాత యజమానులకే తిరిగి ఇప్పించాడు. విల్లీ పడే అవస్థకు మూలం అక్కడుంది.

విల్లీ చివరికి పియానో లేకుండానే వెళ్లిపోతాడు. భూమి దక్కిందో లేదో నాటకం చెప్పదు. కార్మికుల సమస్య వేరు, రైతుల సమస్య వేరు అనేవాళ్లు ఈ నాటకాలు చదవాలి. దున్నేవాడికి భూమి ఇవ్వని దేశం అతని కొడుకు చేత చెత్త ఎత్తిస్తుంది.